రావణకాష్ఠమా, రావణుడి కష్టమా?

మా సీతమ్మధార అపార్ట్‌మెంటులో పార్కింగ్ గొడవ మూడేళ్లుగా నడుస్తోంది. మొన్న మా ఆవిడ "అదో రావణకాష్ఠం, మీరు దూరకండి" అంది. తొమ్మిదో తరగతి చదివే మావాడు ఫోన్‌లోంచి తలెత్తి "రావణుడికేం కష్టం? కష్టం మనకు కదా" అన్నాడు. వాడికి రావణుడు తెలుసు, కష్టం తెలుసు. మాట మాత్రం అందలేదు.

నాకు వెంటనే 'డార్మాక్' గుర్తొచ్చింది. అంతరిక్ష యాత్రల టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' ఐదో సీజన్‌లో రెండో ఎపిసోడ్, 1991 సెప్టెంబరులో వచ్చింది. అందులో టమారియన్లనే గ్రహాంతరవాసులు ఏం చెప్పాలన్నా తమ కథల్లోని ఓ సంఘటన పేరే చెబుతారు. ఓడిపోతే "షాకా, గోడలు కూలినప్పుడు". ఇస్తుంటే "టెంబా, చేతులు చాచి". అనువాద యంత్రం మాటలన్నీ తిప్పేస్తుంది, మనుషుల నౌక కెప్టెన్ పికార్డ్‌కి ఒక్క ముక్కా బోధపడదు. రాత్రి చలిలో పికార్డ్‌కి మంట రాజుకోదు. అవతలి కెప్టెన్ డేథాన్ "టెంబా" అంటూ మండే కట్టె ఒకటి ఇటు విసురుతాడు. ఆ కట్టెతో పాటే అర్థం కూడా చేతికొస్తుంది.

కాష్ఠం అన్నా కట్టే. సంస్కృతంలో అంతే, మనం చితికి వాడుతున్నాం. మందోదరి అని తెలియక రాముడు "దీర్ఘ సుమంగళీ భవ" అన్నాడని, ఆ మాట పోకుండా రావణుడి చితి ఆరకుండా కాలుతూనే ఉందని జనం చెప్పుకునే కథ. పేపర్లలో 'కాష్టం' అని ఒత్తు లేకుండా వేస్తారు. మావాడిని తప్పు పట్టలేం.

నా ప్రశ్న ఇది. సైంధవుడిలా అడ్డుపడ్డాడు, భగీరథ ప్రయత్నం చేశాడు అన్నప్పుడు మనకు 'లా', 'చేశాడు' తోడుంటాయి. అవేవీ లేకుండా, టమారియన్లలా ఉత్త కథముక్కతో సరిపెట్టే మాట తెలుగులో ఉందా?

గాజువాక నుంచి ఒకరు: పురాణాలే ఎందుకండీ? మా వీధిలో కరెంటు పోయి గంట దాటితే "హుద్‌హుదే" అంటారు. 2014 అక్టోబరు 12 నాటి ఆ తుపాను తర్వాత ఇక్కడున్నవాళ్లకి విడమరచక్కర్లేదు. హైదరాబాద్ అల్లుడికి మాత్రం చెప్పాల్సొచ్చింది.

మరొకరు: మా అమ్మగారిది బొబ్బిలి. ఇంట్లో పిల్లలు కొట్టుకుంటే "బొబ్బిలి యుద్ధం" అంటే ఆవిడకి కోపం. 1757లో అక్కడ కోటలో ఏం జరిగిందో తెలిసినవాళ్లు అలా వాడరంటారు. కథ తెలిస్తే మాట బరువెక్కుతుంది.

రిటైరైన ఓ పెద్దాయన: బాబూ, నీ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన ఉండేవారు. మీటింగ్‌లో బాస్ "పని దాదాపు అయిపోయినట్టే సార్" అని పైవాళ్లకు చెప్పగానే, ఈయన ఫైల్ అడ్డం పెట్టుకుని మెల్లగా "కుంజరః" అనేవారు. అంతే. అశ్వత్థామ లేడు, 'అన్నట్టు' లేదు. బల్లకి ఇటువైపు వాళ్లందరం నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం.

నేను: దొరికింది గురువుగారూ! ఆదివారం పార్కింగ్ మీటింగ్ ఉంది. సెక్రటరీ గారు నోరు విప్పగానే వాడేస్తా.