ఎన్‌సీసీ మానెయ్యమంటున్నారు, సీ సర్టిఫికెట్ దాకా ఆగాలా?

అన్నలూ అక్కలూ కొంచెం చెప్పండి. బీఎస్సీ సెకండియర్, ఎన్‌సీసీలో కూడా రెండో ఏడాదే, చివర్లో పరీక్ష రాస్తే వచ్చే సీ సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఆర్మీలో ఆఫీసర్ అవ్వాలని చిన్నప్పట్నుంచీ ఉంది. పరేడ్ రోజు చీకట్నే లేచి బూట్లకి పాలిష్ కొట్టుకుని గ్రౌండ్‌కెళ్తే డ్రిల్ అయ్యేసరికి ఒళ్ళు హూనం, మొదటి క్లాసులో పెన్ను చేతిలో ఉండగానే కళ్ళు మూతపడిపోతాయి. మొన్న పది రోజుల క్యాంపుకెళ్ళొచ్చేసరికి ల్యాబ్ రికార్డులు పేరుకుపోయాయి, ఫిజిక్స్ కూడా పోయింది. నాన్న ఇంక మానెయ్ అంటున్నారు.

జవాబు (ఫైనలియర్, ఎన్‌సీసీలో సీనియర్ అండర్ ఆఫీసర్ ర్యాంకు):
మానకు తమ్ముడూ. సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడ్‌తో వస్తే ఆఫీసర్ పోస్టులకి పెట్టే సీడీఎస్ రాతపరీక్ష లేకుండా ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో ఎస్‌ఎస్‌బీకి (ఆఫీసర్లని ఎంపిక చేసే ఐదు రోజుల ఇంటర్వ్యూ) అప్లై చెయ్యొచ్చు, సెలెక్టయితే చెన్నై ఓటీఏలో (ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ) 49 వారాల ట్రైనింగ్. కానీ డిగ్రీలో 50 శాతం తప్పనిసరి, మావాళ్ళు చాలామంది అక్కడే దెబ్బతిన్నారు, డ్రిల్‌లో బెస్ట్ క్యాడెట్లు కూడా. ముందు ఫిజిక్స్ క్లియర్ చెయ్. క్యాంపుకెళ్ళే ముందే ల్యాబ్ మేడంతో మాట్లాడుకో, వచ్చాక బతిమాలితే లాభం లేదు.

జవాబు (ఎస్‌ఎస్‌బీకి రెండుసార్లు వెళ్ళినవాణ్ణి):
ఒకటి నేను చెప్తా. సీ సర్టిఫికెట్ రాతపరీక్ష తప్పిస్తుంది అంతే, ఎస్‌ఎస్‌బీ అందరికీ ఒకటే. మొదటిసారి మొదటి రోజే స్క్రీనవుట్, అంటే తొలి వడపోతలోనే ఇంటికి పంపేశారు. 30 సెకన్లు మసక బొమ్మ చూపించారు, 4 నిమిషాల్లో కథ బానే రాశా, తర్వాత గ్రూప్ డిస్కషన్‌లో అందరూ ఒకేసారి మొదలెట్టేసరికి నోరు పెగల్లేదు. గ్రౌండ్‌లో సావధాన్ అని అరిస్తే చివరి లైను దాకా వినపడే గొంతు నాది, అక్కడ పనికిరాలేదు. ఇప్పట్నుంచే నలుగురిలో మాట్లాడ్డం అలవాటు చేసుకో, రోజూ పేపర్ చదువు. రెండోసారి ఐదు రోజులూ ఉన్నా, చివరి రోజు బోర్డంతా కూర్చుని తేల్చే కాన్ఫరెన్స్‌లో పోయింది. మళ్ళీ వెళ్తున్నా.

జవాబు (సీనియర్ వింగ్, అంటే కాలేజీ అమ్మాయిల విభాగం క్యాడెట్):
ఆ ఎంట్రీ అమ్మాయిలకీ ఉంది, నేనూ దానికోసమే చూస్తున్నా. మా ఇంట్లో కూడా ఇదే గొడవ తమ్ముడూ, మా అమ్మని ఒకసారి పరేడ్‌కి తీసుకెళ్ళా, అంతమంది ముందు నేను కమాండ్ ఇవ్వడం చూశాక మళ్ళీ మానెయ్ అన్లేదు. మీ నాన్నగారిని కూడా పిలువు.

అడిగినవాడు:
థాంక్స్ అక్కా, ఈ వారమే పిలుస్తా. ఫిజిక్స్ సప్లీకి ఫీజు కట్టేశా. సప్లీ రాసిన సంగతి ఇంటర్వ్యూలో అడుగుతారా?

ఎస్‌ఎస్‌బీ అన్న:
అడగొచ్చు. దాచకు, క్యాంపు వల్ల అని సాకు చెప్పకు. ఎందుకు పోయిందో, తర్వాత ఏం చేశావో ఉన్నదున్నట్టు చెప్పు.