దగ్గరే, ఉచితమే, అయినా నాన్న ఎనిమిది నెలలు ఎందుకు వెళ్లలేదు?

ప్రశ్న

ఆసుపత్రి మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం, ఫీజు కూడా లేదు. అయినా కుడి కంటికి మసక మొదలయ్యాక ఎనిమిది నెలల పాటు మా నాన్న ఆ గేటు దాటలేదు. అడిగితే "వయసొచ్చాక ఇంతేలే" అనేవారు. పోరు పెట్టాం, అలిగాం, లాభం లేదు. చివరికి ఒకరోజు బ్యాంకు ఫారం మీద పెట్టిన సంతకం గీత దాటి కిందికి జారిపోయిందట, కౌంటర్లో కుర్రాడు మళ్లీ పెట్టమన్నాడట. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్లి చూపించుకొచ్చారు. శుక్లం అన్నారు, ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు. డబ్బు అడ్డం కాదు, దూరం కాదు, చదువుకున్న మనిషి. మరి వెళ్లాలా వద్దా అన్నది మనుషులు దేన్నిబట్టి తేల్చుకుంటారు? ఇదంతా ఉట్టి మొండితనమేనా?

జవాబు 1 (ప్రజారోగ్యం చదువుతున్నాను)

మొండితనం అనకండి, మీ నాన్నగారి కథ పాఠ్యపుస్తకంలో పెట్టుకోవచ్చు. ఇర్వింగ్ జోలా అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఇదే అడిగాడు: లక్షణం ఎప్పటి నుంచో ఉంటే, ఇవాళే ఎందుకు వచ్చారు? జబ్బు ముదిరి రావడం ఒక్కటే కారణం కాదని తేలింది. ఇంట్లో ఏదో కుదుపు రావడం, నలుగురితో మెలగడానికి ఇబ్బంది అవడం, పనికి అడ్డం రావడం, ఎవరో గట్టిగా వెళ్లమనడం, "ఫలానా రోజుకి తగ్గకపోతే వెళ్తా" అని తనే గడువు పెట్టుకోవడం, ఇలాంటివి మనిషిని కదిలిస్తాయి. మసకతో మీ నాన్నగారు సర్దుకుపోయారు, సంతకం తప్పడంతో సర్దుకోలేకపోయారు. అసలు వెళ్లకపోవడమే మామూలు సంగతి. కెర్ వైట్ బృందం 1961లో వేసిన లెక్క ప్రకారం వెయ్యిమంది పెద్దవాళ్లలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యమో దెబ్బో ఉంటే, డాక్టర్ని కలిసేది 250 మందే.

జవాబు 2 (ఓపీ కౌంటర్లో పనిచేస్తాను)

పుస్తకాల సంగతి నాకు తెలీదు గానీ కౌంటర్ ఇవతల కూర్చుంటే కనపడేది వేరే. "ఉచితం" అన్నమాట మేం చెప్పేదే, వచ్చేవాళ్లకి ఏదీ ఉచితం కాదు. సగం రోజు పని పోతుంది, తోడు వచ్చిన మనిషిది ఇంకో సగం పోతుంది. మొన్న ఒకావిడ పాత కాగితాలన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని వచ్చింది, ఒక గంట లైన్లో నిలబడ్డాక ఇది ఈ కిటికీ కాదన్నారు, రెండో కిటికీ దగ్గరికి వెళ్తే టైమైపోయిందన్నారు. నేనే చెప్పాను, సిగ్గుగానే ఉంది. కవర్ మడిచి చంకలో పెట్టుకుని ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. మళ్లీ వస్తుందా? నాకైతే నమ్మకం లేదు. ఆవిణ్ణి రేపు ఎవరో "అవగాహన లేని మనిషి" అంటారు. ఇంకోటి, లోపల "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు" అని కసిరితే ఆ మనిషి తర్వాతిసారి ఇంకా ఆలస్యంగా వస్తారు.

జవాబు 3

అన్నీ నిజమే గానీ డబ్బుని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ఈ ఒక్క ఇంట్లో అది అడ్డం కాకపోవచ్చు. అమెరికాలో 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ కొన్ని వేల మందిని రకరకాల బీమా పథకాల్లో పెట్టి చూసింది. ఖర్చులో వాటా జేబులోంచి కట్టాల్సినవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గించారు. తమాషా ఏంటంటే అనవసరమైనవాటితో పాటు అవసరమైన వైద్యాన్ని కూడా దాదాపు అంతే తగ్గించుకున్నారు, ఏది అవసరమో రోగికి ఎలా తెలుస్తుంది చెప్పండి! పేదవాళ్లలో అప్పటికే బీపీ ఉన్నవాళ్లకి, ఉచితంగా వైద్యం అందినవాళ్లతో పోలిస్తే, అది అంతగా అదుపులో లేదు. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు ఇంకా సూటిగా చెప్పాడు: మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుందని. ప్రతి తలనొప్పికీ స్కానింగ్‌కి పరిగెత్తేవాళ్లు కూడా ఉన్నారు కదా, వాళ్ల గురించి ఎవరూ ప్రశ్న వేయరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. కౌంటర్ గారు రాసింది చదివాక రాత్రి నాన్నని మళ్లీ అడిగాను, ఈసారి వాదించకుండా. చాలాసేపు టీవీ వంకే చూసి, అమ్మ మోకాలు చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరు అందరి ముందూ ఆమెని కేకలేశాడని, తను పక్కనే నిలబడి ఏమీ అనలేకపోయానని చెప్పారు. ఇది ఆరేళ్ల కిందటి మాట, నాకు ఇప్పుడే తెలిసింది. ఇంకో సంగతి, ఎడమ కంటికి కూడా మసక మొదలైందట. "వచ్చే నెల పదో తారీఖు దాకా చూస్తా" అంటున్నారు. గడువు కూడా మనిషిని కదిలిస్తుందన్నారుగా, క్యాలెండర్లో పది చుట్టూ సున్నా చుట్టాను. ఆయనకి కనపడేంత పెద్దగా.