రెండు రోజులు క్యూలో పడిగాపులు, మూడు నిమిషాల్లో జాబ్ ఔట్ (స్లర్మ్ సందేహం)

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి):
అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీ క్లస్టర్‌కి నేను కొత్త. నోడ్‌కి (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్‌కి) 48 కోర్లు, 192 జీబీ మెమరీ. జాబుల్ని క్యూలో పెట్టి నోడ్లు పంచే షెడ్యూలర్ స్లర్మ్. వర్షపాతం డేటా 120 నెట్‌సీడీఎఫ్ (శాస్త్రీయ డేటా దాచే ఫార్మాట్) ఫైళ్లలో ఉంది. పైథాన్ మల్టీప్రాసెసింగ్ పూల్‌తో (ఒకేసారి చాలా ప్రాసెస్‌లు నడిపే పద్ధతి) ఒక్కో ఫైలూ ప్రాసెస్ చేస్తున్నాను. జాబ్ స్క్రిప్టులో 4 నోడ్లు, నోడ్‌కి ఒక టాస్క్, టాస్క్‌కి 8 కోర్లు, మెమరీ 32 జీబీ, టైమ్ 7 రోజులు అడిగాను. రెండు రోజులు పెండింగ్‌లో ఉండి, మొదలైన మూడు నిమిషాలకే ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని పోయింది. లాగ్ ఫైలు చూస్తే ఖాళీ. నా ల్యాప్‌టాప్‌లోనూ 8 కోర్లు, 32 జీబీయే. అందులో ఇదే కోడ్ ఏ గొడవా లేకుండా నడుస్తోంది. మెమరీ 128 జీబీకి పెంచమంటారా?

జవాబు 1:
పెంచకండి. పూల్‌కి ఎన్ని ప్రాసెస్‌లో అంకె ఇవ్వకుండా వదిలేశారు కదా? దొంగ అక్కడే ఉన్నాడు. అంకె ఇవ్వకపోతే పైథాన్ ‘ఈ మెషీన్‌లో కోర్లెన్ని’ అని అడుగుతుంది. నోడ్ 48 అంటుంది. స్లర్మ్ మీకిచ్చింది ఎనిమిదే అన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. ఒక్కో ఫైలుకి 2 జీబీ పడుతుందనుకుంటే 48 ప్రాసెస్‌లకి 96 జీబీ. మీ హద్దు 32, కాబట్టి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) జాబ్‌ని చంపేసింది. ల్యాప్‌టాప్‌లో లేచేవి ఎనిమిదే, 16 జీబీతో సరిపోయింది.

128 అడిగితే జాబ్ చావదు గానీ 8 కోర్ల మీద 48 ప్రాసెస్‌లు కుమ్ములాడుకుంటాయి. ‘స్లర్మ్ సీపీయూస్ పర్ టాస్క్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని చదివి, పూర్ణాంకంగా మార్చి పూల్‌కి ఇవ్వండి. స్క్రిప్టులో టాస్క్‌కి కోర్లెన్నో రాస్తేనే ఆ వేరియబుల్ ఉంటుంది, మరిచిపోవద్దు. పైథాన్ 3.13 నుంచి పూల్ తనకు కేటాయించిన కోర్లనే లెక్కపెడుతుంది గానీ క్లస్టర్లలో పాత వెర్షన్లే ఎక్కువ. పైగా నమ్‌పై (పైథాన్ లెక్కల లైబ్రరీ) లోపల మళ్లీ థ్రెడ్లు లేస్తాయి. అందుకే పైథాన్ నడిపే లైనుకి ముందు ‘ఓఎంపీ నమ్ థ్రెడ్స్’ని 1కి ఎక్స్‌పోర్ట్ చేయండి.

జవాబు 2:
మెమరీ సంగతి పై జవాబులో తేలిపోయింది. ఇక ఆ రెండు రోజుల సంగతి. పూల్ ఒక నోడ్ గడప దాటదు. నోడ్లు దాటాలంటే ఎంపీఐ గానీ డాస్క్ గానీ, అంటే నోడ్ల మధ్య పని పంచే సాధనం కావాలి. మీ స్క్రిప్టు మొదటి నోడ్‌లోనే నడిచింది, మిగతా మూడూ మీ పేరు మీద ఊరికే కూర్చున్నాయి. ‘మెమ్’ అంటే నోడ్‌కి అంత అని అర్థం, అంటే నాలుగు నోడ్లకీ కలిపి 128 జీబీ ఇప్పటికే అడిగినట్టే. చాలాచోట్ల వాడుకున్నదానికి కాదు, కేటాయించినదానికి లెక్క రాస్తారు. అది మీ ఫెయిర్‌షేర్‌లోంచి (క్లస్టర్‌లో మీకు రావాల్సిన వాటాలోంచి) పోతుంది, తర్వాతి జాబ్ ఇంకా వెనక్కి పడుతుంది.

టైమ్ 7 రోజులని పెట్టడం ఇంకో తప్పు. ముందున్న పెద్ద జాబ్‌కి నోడ్లు ఖాళీ అయ్యేలోపు మధ్యలో కొన్ని గంటల సందులు మిగులుతాయి. స్లర్మ్ ఆ సందుల్లోకి చిన్న జాబుల్ని దూరుస్తుంది, దాన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. వారం అడిగినవాడు ఏ సందులో పడతాడు? అసలు పట్టే టైముకి ఒకటిన్నర రెట్లు అడగండి, చాలు.

క్యూని చూపే ‘ఎస్‌క్యూ’ కమాండ్ ఇచ్చే కారణం కూడా చదవండి. ‘ప్రయారిటీ’ అంటే మీకంటే ముందు వేరేవాళ్లున్నారు. ‘రిసోర్సెస్’ అంటే మీ వంతు వచ్చింది, నోడ్లు ఖాళీ కాలేదు. ‘క్యూఓఎస్’తో మొదలైతే అది మీ కోటా హద్దు.

జవాబు 3:
నన్నడిగితే పూల్‌నే తీసేయమంటాను. 120 ఫైళ్లలో ఒకదానితో ఒకదానికి పని లేదు, జాబ్ అరే (ఒకే స్క్రిప్టుని వేర్వేరు నంబర్లతో చాలా టాస్క్‌లుగా నడిపే ఏర్పాటు) ఉన్నది ఇలాంటి వాటికే. ఫైళ్ల పేర్లు లైనుకొకటి చొప్పున ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. అరేకి 1-120%20 ఇవ్వండి. శాతం గుర్తు తర్వాతి 20 అంటే ఒకేసారి ఇరవైకి మించి నడవవని. ప్రతి టాస్క్‌కీ ‘స్లర్మ్ అరే టాస్క్ ఐడీ’లో తన నంబరు వస్తుంది. సెడ్ కమాండ్‌తో ఆ నంబరు లైను తీసి పైథాన్‌కి ఇవ్వండి. ఒక్కోదానికి 1 కోరు, 3 జీబీ, 1 గంట. ఇంత చిన్నవైతే ఏ మూల ఖాళీ ఉన్నా దూరిపోతాయి.

120 ఒక్కసారే వదలకండి, ముందు అరేకి 1 మాత్రమే ఇచ్చి చూడండి. ఫైలుకి రెండు మూడు నిమిషాలే పడితే టాస్క్‌కి పది ఫైళ్లు కలపండి, లేకపోతే జాబ్ లేపడానికీ దించడానికే టైమంతా పోతుంది.

ప్రశ్నించినవారు:
చాలా థ్యాంక్సండీ. రెండు అనుమానాలు. చచ్చిన జాబ్‌ని ఎస్‌యాక్ట్‌లో (జాబుల లెక్కలు చూపే కమాండ్) చూస్తే మాక్స్ ఆర్‌ఎస్‌ఎస్, అంటే వాడిన గరిష్ఠ మెమరీ, 21 జీబీయే ఉంది, 32 దాటలేదు కదా? ఇంకోటి, నోట్‌ప్యాడ్‌లో మార్చి ఎక్కించిన కొత్త స్క్రిప్టుకి ‘డాస్ లైన్ బ్రేక్స్’ అని ఎర్రర్ వస్తోంది.

జవాబు 1:
ఆ అంకె ఎప్పటికప్పుడు కొలిచింది కాదు. డిఫాల్ట్‌గా 30 సెకన్లకోసారి తొంగిచూసి రాసుకున్నది. రెండు చూపుల మధ్య మెమరీ ఎగబాకి జాబ్ చస్తే ఆ శిఖరం రికార్డులోకి ఎక్కదు. స్టేటస్ ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అంటే దాన్నే నమ్మండి. బతికిన జాబ్‌కైతే ఆ అంకె మీద పావు వంతు కలిపి అడగండి.

లాగ్ ఖాళీగా ఉన్నది పైథాన్ ప్రింట్లను బఫర్‌లో దాచుకోవడం వల్ల. కెర్నెల్ చంపినప్పుడు బఫర్ కూడా పోతుంది. పైథాన్‌కి మైనస్ యు ఇచ్చి నడపండి. నోట్‌ప్యాడ్ ఎర్రర్‌కి ఫైలు మీద ‘డాస్ టు యునిక్స్’ ఒకసారి నడిపితే సరి. ఇకపై నానోలోనో విమ్‌లోనో క్లస్టర్‌లోనే దిద్దుకోండి.

జవాబు 3:
ఒక ఫైలుతో చేసే ఆ ట్రయల్ లాగిన్ నోడ్ మీద మాత్రం వేయకండి, అది అందరూ నడిచే వాకిలి. ఎస్‌రన్ కమాండ్‌తో అరగంట ఇంటరాక్టివ్ సెషన్ తీసుకోండి. డేటా స్క్రాచ్‌లో (తాత్కాలిక నిల్వ) పెట్టండి గానీ ఫలితాలు ఆ రోజే హోమ్‌కి తెచ్చుకోండి. స్క్రాచ్‌కి సాధారణంగా బ్యాకప్ ఉండదు, పాత ఫైళ్లను తుడిచేస్తారు కూడా. ఫైలు తెరవగానే ‘హెచ్‌డీఎఫ్ ఎర్రర్’ వస్తే, ఫైలు బాగానే ఉన్నా లస్టర్‌లో (క్లస్టర్లలో వాడే ఫైల్ సిస్టమ్) ఫైల్ లాకింగ్ కుదరకపోవచ్చు. చదవడమే అయితే ‘హెచ్‌డీఎఫ్5 యూజ్ ఫైల్ లాకింగ్’ని ఫాల్స్ చేయండి.

అరే అయ్యాక కొన్ని టాస్క్‌లు టైమవుట్ అయితే 120నీ మళ్లీ వేయక్కర్లేదు. అరేలో 17,43,88 అని ఫెయిలైన నంబర్లే రాసి, టైమ్ రెండు గంటలు చేసి పంపండి.