2 టీబీ నిల్వ నిజంగా అవసరమా?

ప్రశ్న:
నా క్లౌడ్ ఖాతాలో 200 జీబీ నిండిపోయిందని, 2 టీబీ ప్లాన్‌కు మారమని సందేశాలు వస్తున్నాయి. తీరా తెరిచి చూస్తే ఒకే దృశ్యానికి తీసిన పదేసి ఫొటోలు, పని తీరిపోయిన స్క్రీన్‌షాట్లు, గ్రూపుల్లో వచ్చిపడిన వీడియోలే ఎక్కువ. ఒక మనిషికి నిజంగా ఎంత నిల్వ కావాలి?

జవాబు 1:
ముందు దేనికెంత స్థలం పడుతుందో చూడండి. 12 మెగాపిక్సెల్ జేపెగ్ ఫొటో సాధారణంగా 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది కాబట్టి పదివేల ఫొటోలైనా సుమారు 50 జీబీలో సర్దుకుంటాయి; అదే 4కే వీడియో, హెచ్‌ఈవీసీ అనే, ఫైలు పరిమాణం తగ్గించే కుదింపుతో తీసినా, గంటకు దాదాపు 10 జీబీ మింగేస్తుంది. ఫొటోలను ఒక్కొక్కటిగా ఏరుతూ కూర్చోకుండా, ఫైళ్లను పరిమాణం వారీగా అమర్చి పెద్ద వీడియోలతో మొదలుపెట్టండి.

జవాబు 2:
సలహా బాగుంది గానీ, తుడిచే ఉత్సాహంలో బ్యాకప్‌ను కూడా వృథా కింద జమకట్టకండి. ముఖ్యమైనవి మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట ఉండాలన్న నియమం పాటిస్తే 100 జీబీ సమాచారానికి మొత్తం 300 జీబీ కావాలి. సింక్‌ను, అంటే ఫోనునూ క్లౌడ్‌నూ ఎప్పుడూ ఒకేలా ఉంచే ఏర్పాటును, బ్యాకప్ అనుకోవద్దు. సింక్ ఆన్‌లో ఉంటే, ఫోనులో తొలగించిన ఫొటో సాధారణంగా క్లౌడ్‌లోనూ పోతుంది.

జవాబు 3:
పర్యావరణం కోసం తుడవాలనేవారికి ఒక మాట. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో, క్లౌడ్‌ను నడిపే డేటా సెంటర్లు ప్రపంచ విద్యుత్తులో సుమారు 1.5 శాతం వాడాయి, అయితే అందులో సింహభాగం లెక్కింపు పనులు చేసే సర్వర్లదే. నిల్వ పరికరాల వాటా చాలా తక్కువ. స్క్రీన్‌షాట్లు తీసేస్తే మిగిలే విద్యుత్తు కన్నా, కావలసిన ఫైలు వెంటనే దొరకడమే నా దృష్టిలో అసలు లాభం.