అప్‌డేట్: చిన్నపిల్లల టీచర్ కోర్సు గురించి అడిగాను కదా

ఇంటర్ చదివి గాజువాకలో ఒక ప్లేస్కూల్లో అసిస్టెంటుగా చేస్తున్నానని, టీచర్ కావాలంటే ఏ కోర్సు మంచిదని గత నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

అప్పుడు నేను చేరదామనుకున్న ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఇన్‌స్టిట్యూట్‌కి, మీరు చెప్పినట్టే వెళ్లి, ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి) గుర్తింపు కాగితం చూపించమన్నాను. ఫీజు తగ్గిస్తామన్నారు తప్ప కాగితం చూపించలేదు. లేచి వచ్చేశాను.

తర్వాత ఇగ్నో దూరవిద్యలో ఇచ్చే చిన్నపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా (డీఈసీఈ) చూశాను. ఏడాది కోర్సు, ఉద్యోగం మానక్కర్లేదు, రీజినల్ సెంటర్ మన వైజాగ్‌లోనే ఉంది. ప్రైవేటు నర్సరీలకు పనికొస్తుంది. కానీ దాంతో డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకంలో, ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టుకు అర్హత రాదు. దానికి డీఎల్‌ఎడ్ అనే రెండేళ్ల ప్రాథమిక విద్య డిప్లొమా, టెట్ అనే టీచర్ అర్హత పరీక్ష పాసై ఉండాలి. ఇక్కడే చాలా రోజులు టెన్షన్ పడ్డాను, డీఎల్‌ఎడ్ అంటే పెద్దపిల్లల చదువేమోనని. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు, అంటే రెండో తరగతి దాకా, ఒకే పునాది దశగా చూస్తుందని, అంటే ఒకటి, రెండు తరగతుల పిల్లలూ నర్సరీ పిల్లల దశలోనే ఉంటారని తెలిశాక మనసు కుదుటపడింది.

మొన్న క్లాసులో నాలుగేళ్ల పాప చింతపిక్కలు ఐదు దాకా లెక్కపెట్టి, ఆరోది పిడికిట్లో పట్టుకుని నా మొహం చూసింది. నేను చెప్పకుండా ఆగాను. కాసేపటికి మెల్లగా "ఆరు" అంది. ఇలా ఎంతసేపు ఆగాలో, ఎందుకు ఆగాలో సరిగ్గా నేర్చుకోవాలనుంది నాకు.

అందుకే డీఎల్‌ఎడ్ ప్రవేశ పరీక్ష డీసెట్ రాస్తున్నాను. భీమిలిలోని ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థ డైట్‌లో సీటు వస్తే చాలు. పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.