కట్నం ఇచ్చేశాక ఆడపిల్లకి పొలంలో వాటా ఉంటుందా?

మెట్టపొలం: మా తాతల నాటి ఆరెకరాల్లో రెండు అమ్మి 1998లో మా అక్క పెళ్లి చేశాడు నాన్న. కట్నం, బంగారం, పెళ్లి ఖర్చు అంతా అందులోంచే. నాన్న పోయాక మిగిలిన నాలుగూ నేనూ తమ్ముడూ చెరి సగం రాయించుకుందామనుకుంటే, అక్క సంతకం పెట్టనంటోంది, తనకీ వాటా కావాలంటోంది. చట్టం ఏమంటుందో వకీలు చెప్తాడు, నాకు కావాల్సింది న్యాయం. ఒకసారి తీసుకుని మళ్లీ అడగడం సబబేనా?

కృష్ణవేణి_ఒడ్డు: అన్నా, ఆ రెండెకరాల డబ్బు మీ అక్క చేతికొచ్చిందా? కట్నం వెళ్లేది అత్తింటి బీరువాలోకి. 1961 నాటి కట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమే నేరం, ఎవరు తీసుకున్నా దాన్ని ఆ అమ్మాయికే అప్పగించాలని కూడా అందులోనే ఉంది, మన ఊళ్లల్లో ఒక్కరైనా అప్పగించారా చెప్పండి. ఆమె చేతికి రానిదాన్ని ఆమె వాటా కింద ఎలా జమకడతారు?

చాలామంది పొలంలో కూతురి వాటా ఏదో 2005లో ఢిల్లీ నుంచి వచ్చిపడింది అనుకుంటారు. మన దగ్గర హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లో ఉంది, పుట్టుకతోనే కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లని వదిలేసింది. మా అమ్మ పెళ్లి 1979, పిన్ని పెళ్లి 1987. ఒకే తల్లి కడుపున పుట్టినా ఒకరికి హక్కుంది, ఇంకొకరికి లేదు. 1996లో మామయ్యలు పంచుకున్నప్పుడు పిన్నిని రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించారు, వేలికున్న సిరా తలకి రాసుకుని బయటికొస్తే ఒక చీర, రవికెగుడ్డ చేతిలో పెట్టారు. మా అమ్మనైతే ఎవరూ పిలవలేదు, పిలవాల్సిన అవసరమే లేదు వాళ్లకి. 2005 సవరణ ఆ పెళ్లి తేదీ అడ్డు తీసేసింది, కానీ 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలని కదిలించలేదు, అమ్మకి ఆ దారీ మూసుకుపోయింది. మీ అక్క పెళ్లి నాటికి మన చట్టం వచ్చి పదమూడేళ్లు, ఆవిడ కొత్తగా అడుగుతున్నదేం లేదు.

నాగలి: చట్టాలు సరే. అమ్మానాన్నల మందులు, ఆసుపత్రి, బోరు అప్పు, ఇవన్నీ కొడుకుల మీదే పడతాయి కదా. వాటా సమానమైతే బరువూ సమానం కావాలి.

కృష్ణవేణి_ఒడ్డు: కావాలి, ఒప్పుకుంటా. తల్లిదండ్రుల పోషణకి 2007లో వచ్చిన చట్టం కూతుళ్లనీ బాధ్యుల్ని చేసింది. పొలం మీది అప్పు ఉంటే లెక్కగట్టి ముగ్గురూ మోయండి. కానీ మంచంలో ఉన్న ముసలాయనకి అన్నం తినిపించి పక్కబట్టలు ఉతికింది కోడలు, ఆమె కూడా ఎవరో ఒకరి పొలంలో వాటా వదులుకుని వచ్చినదే.

మల్లెపందిరి: నేను సంతకం పెట్టినదాన్నే. ఇష్టపడి కాదు. పెట్టకపోతే పండక్కి పిలిచేవాళ్లుండరని, రేపు మా ఆయనతో గొడవైతే వచ్చి తలదాచుకునే ఇల్లుండదని టెన్షన్. రాసిచ్చాక కూడా పిలుపులు తగ్గాయి. అక్క నోరు తెరిచి అడిగిందంటే ఎన్ని రాత్రులు నిద్రపోకుండా ఆలోచించి ఉంటుందో చూడండి తమ్ముడూ.

మెట్టపొలం: అందరివీ చదివాను. అక్క అడిగింది రోడ్డు పక్క చెక్క కాదు, చెరువు కింద ఎకరం. మూడు వంతులేస్తే ఆమెకి అంతకన్నా ఎక్కువే వస్తుందని ఇప్పుడు లెక్క చూస్తే తెలిసింది. తమ్ముడు మాత్రం ముప్పై సెంట్లు మించి ఇవ్వనంటున్నాడు. ఆదివారం ఇద్దరం అక్క ఇంటికి వెళ్తున్నాం, కాగితాలు తీసుకెళ్లట్లేదు.