‘కేప్’: నిఘంటువులో ఒక పదమా, రెండు పదాలా?

వర్ణమాల: ఇంగ్లీషు-తెలుగు పదకోశంలో ‘కేప్’కి ఒకే ఎంట్రీ పెట్టి, 1. చేతుల్లేని పైవస్త్రం, 2. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల, అగ్రం అని రాస్తే చాలదా? రెండింటికీ మూలం లాటిన్ ‘కపుట్’, అంటే తల. ఒకటి తల మీద కప్పేది, రెండోది నేలకు తల. విడదీయడం చోటు దండగ.

తీరరేఖ: అగ్రం వరకు కపుట్ సరే. వస్త్రం మాత్రం ‘కప్పా’ నుంచి వచ్చింది, తలముసుగున్న పైవస్త్రమని అర్థం. స్పానిష్ చూడండి: అగ్రం ‘కాబో’, వస్త్రం ‘కాపా’. లాటిన్‌లో అచ్చుల మధ్య ఉన్న ఒంటి పకారం అక్కడ ‘బ’ అయింది, ద్విత్వం మాత్రం ‘ప’గా నిలిచింది. ఫ్రెంచిలో రెండూ ‘కాప్’ అనే వినిపిస్తాయి గానీ అగ్రం పుంలింగం, వస్త్రం స్త్రీలింగం, స్పెల్లింగూ వేరు. ఇంగ్లీషుకొచ్చేసరికి ఆ తేడాలన్నీ పోయాయి.

వర్ణమాల: ఆ కప్పా ఎక్కడిదండీ? తలకు అలంకారం కాబట్టే ఆ పేరని 7వ శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిడోర్ రాశాడుగా.

పాతకోశం: గ్రీకు అక్షరం ‘కప్ప’లా రెండు కొసలు ఉన్నందుకు కూడా కావచ్చని ఆయనే పక్కనే రాశాడు. నచ్చిన సగం తీసుకుని సాక్ష్యమంటే ఎలా? కప్పా కూడా కపుట్ నుంచే పుట్టి ఉండొచ్చు, కాదనను. కానీ అది లాటిన్‌లో జరిగిన సంగతి. ఇంగ్లీషుకి రెండూ వేర్వేరు మాటలుగానే చేరాయి. అగ్రం 14వ శతాబ్దంలోనే ఉంది, వస్త్రం 16లో వచ్చింది. మన ‘పన్ను’నే తీసుకోండి. నోట్లోదైతే పళ్ళు, సర్కారుదైతే పన్నులు. ఏకవచనం ఒక్కటేనని ఒకే ఎంట్రీలో వేస్తామా?

కత్తెర: మూలాల సంగతి మీరు తేల్చుకోండి, అసలు ఆ మొదటి అర్థమే తప్పు. చేతుల్లేని పైవస్త్రమంటే పోంచో కూడా అవుతుంది. పోంచోకి తల దూర్చే కంత ఉంటుంది. కేప్ ముందు తెరుచుకుని మెడ దగ్గర హుక్కుతోనో నాడాతోనో ఆగుతుంది. మెడ చుట్టుకొలత 14 అంగుళాలైతే, అరవృత్తం కేప్‌కి 14ని 3.14తో భాగించి సుమారు నాలుగున్నర అంగుళాల వ్యాసార్థంతో మెడ గీస్తారు. పూర్తి వృత్తానికి అందులో సగం. ఈ సగం లెక్క అరవృత్తానికి వాడితే మెడ 7 అంగుళాలే వస్తుంది, హుక్కు పడదు. ‘భుజాల మీంచి జారే, ముందు తెరిచి ఉండే చేతుల్లేని వస్త్రం’ అని రాయండి.

తీరరేఖ: రెండో ఎంట్రీలో ఉదాహరణగా గుడ్ హోప్ అగ్రం ఇస్తే ‘ఆఫ్రికా దక్షిణపు కొన’ అని తగిలించకండి. ఆ కొన అగుల్హాస్, గుడ్ హోప్‌కి దాదాపు 150 కిలోమీటర్లు ఆగ్నేయంగా ఉంది. పాత పటాల్లో కేప్ కొమోరిన్ అని ఉండే కన్యాకుమారిని ఇవ్వండి, మనవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

వర్ణమాల: రెండు ఎంట్రీలే కానివ్వండి. మరి ‘ఎస్కేప్’? కప్పా విడిచి తప్పించుకోవడమని అర్థం చెబుతారు. దాని మూలసూచన మొదటి ఎంట్రీకేగా?

పాతకోశం: మొదటిదానికే. ‘చాపెల్’ (చిన్న ప్రార్థనా మందిరం) కూడా అక్కడికే, అది మొదట టూర్స్ బిషప్ సెయింట్ మార్టిన్ కప్పా దాచిన చోటు పేరు.